పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి కూలెంట్ పైపు మార్చడం ఎలా? పూర్తి వివరాలతో

పగిలిన కూలెంట్ పైపు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, పారే రబ్బరు పైపు) మార్చడం పెద్ద పనేం కాదు. మామూలు స్పానర్లు, స్క్రూడ్రైవర్, ప్లయర్, ఒక బ్లేడు ఉంటే ఒక పూటలో అయిపోతుంది. అసలు ప్రమాదం ఈ పని చేస్తూ చేస్తూ పాడుచేసుకునే మిగతా వాటితోనే. బిగుసుకుపోయిన పైపును బలంగా లాగితే విరిగే రేడియేటర్ నెక్ (పైపు తొడిగే మూతి), మెలితిప్పితే ఊడొచ్చే హీటర్ గొట్టం, లోపల గాలి మిగిలిపోతే వేడెక్కి వంగిపోయే ఇంజిన్ హెడ్ (సిలిండర్ల మీద ఉండే పై భాగం), వీటితో పోలిస్తే పైపు ఖర్చు ఒక లెక్కలోది కాదు. కాబట్టి ఈ పనంతా ఒకే సూత్రం మీద చేయండి: పైపు పోతే పోనీ, అది తగులుకుని ఉన్న భాగానికి మాత్రం ఏమీ కాకూడదు.

బండి నడుస్తుండగా పగిలితే

ముందుగా ఏసీ ఆపండి, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఇంకాస్త దూరం వెళ్లిపోదాం అనుకోవద్దు. చాలామందిని మోసం చేసేది టెంపరేచర్ గేజ్. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉన్నప్పుడే సరైన వేడి చూపిస్తుంది. కూలెంట్ మొత్తం కారిపోయాక సెన్సర్ చుట్టూ ఉండేది గాలీ ఆవిరీ, అప్పుడు ముల్లు మామూలుగానే ఉండొచ్చు, కిందికి కూడా దిగొచ్చు. లోపల హెడ్ మాత్రం మాడిపోతుంటుంది. హీటర్ వేసి ఉండి, అందులోంచి ఉన్నట్టుండి చల్లగాలి వస్తే కూలెంట్ అక్కడిదాకా చేరడం లేదని అర్థం. గేజ్ ఏం చెప్పినా సరే, వెంటనే ఆపాలి.

వేడి మీద రేడియేటర్ మూత జోలికి వెళ్లొద్దు. కూలింగ్ సిస్టమ్ ఒత్తిడి మీద పనిచేస్తుంది, చాలా బండ్ల మూతలు 0.9 నుంచి 1.1 బార్ దాకా ఒత్తిడిని లోపల ఆపి ఉంచుతాయి. సగం నీళ్లు, సగం యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఉన్న కూలెంట్ బయట సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆ ఒత్తిడిలో అయితే 125 డిగ్రీలు దాటినా మరగదు. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, అప్పటిదాకా నిమ్మళంగా ఉన్న ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. రేడియేటర్ పై పైపును చేత్తో పట్టుకుని, చేతికి వేడి తగలనంతగా చల్లారాకే మూత తీయండి. అప్పుడైనా మందపాటి గుడ్డ వేసి, మొదటి మెట్టు వరకే తిప్పి, ఆగి చూసి తీయాలి. బాగా వేడెక్కిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోయడం కూడా అంతే తప్పు, హెడ్ పగుళ్లివ్వొచ్చు.

ఏ పైపు పోయింది, ఎందుకు పోయింది

కారుతున్న చోటే పగిలిందని అనుకోకండి. కూలెంట్ పైపుల వెంట, బ్రాకెట్ల వెంట పాకి, ఫ్యాన్ గాలికి ఎగిరి ఎక్కడో దూరంగా బొట్లు కడుతుంది. చల్లారిన ఇంజిన్ మీద టార్చి పట్టుకుని వెతకండి. పాత లీకు ఉన్నచోట తెల్లగానో, పచ్చగానో, గులాబీ రంగులోనో ఎండిన పొరలాంటి మచ్చ ఉంటుంది, దాని పై అంచు దగ్గరే కారే చోటు ఉంటుంది. ఏమీ దొరకకపోతే మూత స్థానంలో బిగించే చేతి పంపు టెస్టర్ తెచ్చుకోండి. మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు కొట్టి, దాన్ని మించకుండా, పది నిమిషాలు ఆగితే లీకు దానంతట అదే బయటపడుతుంది. కారు లోపల ముందు సీట్లో కాళ్లు పెట్టే చోట కార్పెట్ తడిగా ఉండి తియ్యటి వాసన వస్తుంటే మాత్రం పైపు కాదు, హీటర్ కోర్ (హీటర్ లోపల ఉండే చిన్న రేడియేటర్) పోయింది. అది వేరే పని.

ఇప్పుడు పైపును వేళ్లతో చదవడం నేర్చుకోండి, ఈ పనిలో ఇంతకంటే పనికొచ్చే విద్య లేదు. కూలెంట్ పైపులు ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో తయారవుతాయి, ఇవి పైనుంచి కంటే లోపలి నుంచే ఎక్కువ పాడవుతాయి. పైపు తగులుకున్న లోహాలకూ కూలెంట్‌కూ మధ్య జరిగే విద్యుత్ రసాయన చర్య వల్ల రబ్బరు లోపలివైపు పొడవునా సన్నటి చీలికలు పడతాయి. అవి ముఖ్యంగా రెండు చివర్ల దగ్గర, క్లిప్పు నుంచి ఓ ఐదు సెంటీమీటర్ల లోపే వస్తాయి. పైకి చూస్తే నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. చల్లారిన పైపును ముందు మధ్యలో నొక్కండి, తర్వాత క్లిప్పు పక్కన బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి నొక్కండి. చివర్లు మధ్యభాగం కంటే మెత్తగా తగిలినా, లోపల గీతల్లాగా, సందుల్లాగా వేళ్లకు తెలిసినా ఆ పైపు పని అయిపోయినట్టే. నొక్కితే కరకరమంటే వేడికి ఎండిపోయింది. ఉబ్బి జిగటగా ఉంటే ఆయిల్ తాగింది, ఈపీడీఎంకు ఇంజిన్ ఆయిల్, డీజిల్, గ్రీజు పడవు. అలాంటప్పుడు పైపు మార్చే ముందు దాని మీద ఆయిల్ కారుస్తున్న వాల్వ్ కవర్ గ్యాస్కెట్ సంగతి చూడండి, లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లకు ఇంకో కారణం ఉంది, దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. రేడియేటర్ బండి ముందు భాగానికి గట్టిగా బిగించి ఉంటుంది, ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది. రాళ్ల మీద లో రేంజ్‌లో (తక్కువ వేగం, ఎక్కువ బలం ఇచ్చే గేర్లలో) ఎక్కించేటప్పుడు ఇంజిన్ ఒక పక్కకు ఒరిగి మళ్లీ వెనక్కి వస్తుంది, ఆ కదలికంతా భరించేది మధ్యలో ఉన్న పైపే. మౌంట్లు పాతబడి కుంగితే ఆ కదలిక ఇంకా పెరుగుతుంది, పైపు ఫ్యాన్ ష్రౌడ్‌కో (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) బెల ్ట్‌కో రాసుకుని చిరుగుతుంది. పాత పైపు మీద ఒకే చోట అరిగిన మచ్చ కనిపిస్తే ముందు మౌంట్లు చూడండి.

రెండు గుర్తులు మాత్రం అసలు వదలొద్దు. బండి చల్లారాక పై పైపు చప్పిడిగా లోపలికి పీల్చుకుపోయి ఉంటే మూతలో, చల్లారాక కూలెంట్‌ను వెనక్కి తీసుకునే వాల్వ్ ఇరుక్కుంది, మూత మార్చాలి. పొద్దున్నే స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే, ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే పైపు రాయిలా గట్టిపడితే హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) నుంచి సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందని అనుమానించాలి. అలాంటప్పుడు కొత్త పైపు వేసినా అదీ పగులుతుంది. ముందు కూలెంట్‌లో ఎగ్జాస్ట్ గ్యాస్ ఉందో లేదో టెస్ట్ చేయించండి.

ఏం కొనాలి

ఒక పైపు వయసు వల్ల పోయిందంటే మిగతావాటి వయసూ అదే. నా మాట వింటే అన్నీ ఒకేసారి మార్చేయండి: పై పైపు, కింది పైపు, హీటర్‌కు వెళ్లేవి, తిరిగొచ్చేవి, వాటర్ పంప్ దగ్గరి బైపాస్ పైపు, ఉంటే థ్రాటిల్ బాడీకీ టర్బోకీ వెళ్లే చిన్నవి, వెనక సీట్లకు హీటర్ ఉన్న పొడవాటి బండ్లలో అడుగున వెళ్లే రెండు. బాగా కనిపించే పైపులు మార్చి, కనిపించని బెత్తెడు ముక్క వదిలేయడం వల్లే చాలా బండ్లు అడవిలో ఆగిపోతాయి. టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 80 సిరీస్ పెట్రోల్ బండి ఉన్నవాళ్లు ఇంజిన్ వెనక, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కూర్చునే చోటుకూ మధ్య గోడ) దగ్గర దాక్కున్న ఒక చిన్న హీటర్ పైపుకు ‘పెస్కీ హీటర్ హోస్’ (విసిగించే హీటర్ పైపు) అని పేరే పెట్టుకున్నారు, చెయ్యి దూరడం అంత కష్టం కాబట్టి. మీ బండిలోనూ అలాంటిది ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. వర్క్‌షాప్ మాన్యువల్‌లోని కూలింగ్ సిస్టమ్ బొమ్మ ముందు పెట్టుకుని ఒక్కొక్క పైపూ లెక్కపెట్టండి.

వంపులున్న పైపుకు అదే వంపులతో అచ్చు పోసిన పైపే కావాలి. తిన్నటి పైపును వంచి పెడితే వంపు దగ్గర మడత పడుతుంది, కూలెంట్ ఆగిపోతుంది. హీటర్ పైపులు చాలావరకు తిన్నగా ఉంటాయి కాబట్టి మీటర్ల లెక్కన కొనొచ్చు, కాకపోతే లోపలి వ్యాసం కొలిచి కొనండి. 16 మిల్లీమీటర్లు, 19 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపించే సైజులు. పెట్రోల్ పైపు ఉంది కదా అని దాన్ని ఇక్కడ వాడొద్దు, అది ఈ వేడికీ ఈ ద్రవానికీ చేసింది కాదు. కింది పైపు చాలా బండ్లలో పంప్ పీల్చే వైపు ఉంటుంది, చప్పిడి కాకుండా కొన్నిటి లోపల స్ప్రింగ్ ఉంటుంది. పాతదాంట్లో స్ప్రింగ్ ఉండి కొత్తదాంట్లో లేకపోతే, అది లేకుండా నిలబడేలా చేసిన పైపేనా అని కనుక్కుని తీసుకోండి.

సిలికాన్ పైపులు వేడికి బాగా తట్టుకుంటాయి, ఎక్కువ కాలం వస్తాయి, అది నిజమే. కానీ మెత్తగా ఉంటాయి, పదునైన అంచు తగిలితే తెగుతాయి, ఆయిల్‌కు ఇవీ ఓర్చుకోలేవు. గాడులు తెరుచుకుని ఉండే మామూలు స్క్రూ క్లిప్పు వీటిని కోసేస్తుంది, లోపలి అంచు నున్నగా ఉన్న క్లిప్పులే వాడాలి. ఎక్కువగా రాళ్లలో, చెట్ల మధ్య తిరిగే బండికి నేనైతే మంచి రబ్బరు పైపులే వేస్తాను.

క్లిప్పుల్లో కంపెనీ నుంచి వచ్చిన స్ప్రింగ్ రకాన్ని తక్కువగా చూడకండి. రబ్బరు వేడికి ఉబ్బినా చల్లారి కుంగినా అదే బలంతో పట్టుకుని ఉంటాయి. తుప్పు పట్టకుండా, బలం తగ్గకుండా ఉంటే మళ్లీ అవే వేయొచ్చు. కూలెంట్ మాత్రం రంగు చూసి కొనొద్దు, రంగుకు అన్ని కంపెనీలకూ వర్తించే నియమం ఏదీ లేదు. మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉంటే అదే. వేర్వేరు రకాలు కలిస్తే తుప్పు ఆపే మందుల బలం తగ్గుతుంది, కొన్నయితే బంకలా గడ్డకడతాయి. కలిపే నీళ్లు డిస్టిల్డ్ వాటరే కావాలి. సగం సగం కలిపితే సుమారు −37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, చలి లేనిచోట కూడా తుప్పు ఆపడానికీ మరుగు స్థానం పెంచడానికీ ఆ పాళ్లే మంచివి.

పని మొదలు

బండి సమతలంగా నిలబెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. బ్యాటరీ నెగెటివ్ తీయండి, కరెంటు ఫ్యాన్ ఉన్న బండ్లలో తాళం తీసేసి ఉన్నా ఫ్యాన్ ఒక్కోసారి దానంతట అదే తిరుగుతుంది. తీయబోయే ప్రతి పైపుకీ ముందు ఫోటో తీసుకోండి: క్లిప్పు ఎటు తిరిగి ఉంది, పైపు దేని పైనుంచి, దేని కిందినుంచి వెళ్తోంది.

కింద వెడల్పాటి తొట్టి పెట్టి రేడియేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పండి. పాత ప్లాస్టిక్ ప్లగ్ కదలనంటే దాంతో పోట్లాడకండి, కింది పైపు తీసినా ఖాళీ అవుతుంది. ఎంత కూలెంట్ వచ్చిందో కొలిచి రాసుకోండి, చివర్లో ఈ అంకెతో పని ఉంది. తొట్టిని ఒక్క నిమిషం కూడా వదిలిపెట్టి వెళ్లొద్దు. యాంటీఫ్రీజ్‌లోని ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ తాగితే కిడ్నీలు పాడై చనిపోతాయి, చిన్నపిల్లలకూ అంతే ప్రమాదం. కింద ఒలికింది నీళ్లు పోసి తుడిచేయండి. పాత కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలో పోసి, ఇలాంటి వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి, కాలువలో మాత్రం పోయకండి.

ఇప్పుడు పైపు తీయడం. ఇక్కడ తొందరపడకూడదు. ఏళ్ల తరబడి ఉన్న రబ్బరు నెక్‌కు అతుక్కుపోయి ఉంటుంది. పాత రేడియేటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు వేడికి పెళుసుబారి ఉంటాయి, ప్లయర్‌తో పట్టి తిప్పారంటే పైపుతోపాటు నెక్ కూడా చేతిలోకి వస్తుంది. హీటర్ కోర్ గొట్టాలు ఇంకా సుకుమారం. పలచటి ఇత్తడి లేదా అల్యూమినియం, అతుకు ఫైర్‌వాల్ అవతల ఉంటుంది. అది కదిలిందంటే డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి. ఎలాగూ పారేసే పైపే కదా, కోసేయండి. ముందు క్లిప్పు వదులు చేసి వెనక్కి జరిపి, నెక్ చివరి నుంచి ఐదు సెంటీమీటర్లు వదిలి పైపును అడ్డంగా కోయండి. మిగిలిన ముక్క మీద బ్లేడుతో నిలువుగా గీత పెట్టండి, రబ్బరు మందంలో ముప్పాతిక వంతు తెగితే చాలు, పూర్తిగా నొక్కితే బ్లేడు నెక్ మీద గాటు పెడుతుంది, రేపు ఆ గాటులోంచే కారుతుంది. తర్వాత మొండి స్క్రూడ్రైవర్ కొనను గీతలో పెట్టి రెండు పక్కలకూ విడదీస్తే మిగిలిన పొర దానంతట అదే చిరుగుతుంది. ముక్క నారింజ తొక్కలా ఊడి వస్తుంది. నెక్‌కు ఏమాత్రం బలం తగలదు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండ్లలో రేడియేటర్‌కు రెండు లోహపు గొట్టాలు కూడా వస్తాయి, అవి గేర్ ఆయిల్ చల్లబరిచేవి, వాటిని కదపొద్దు. అయితే పాత కూలెంట్‌లో గులాబీ రంగు మీగడలాంటిది కనిపిస్తే లోపల ఆ రెండూ కలుస్తున్నాయని అర్థం, బండి స్టార్ట్ చేయకుండా ముందు రేడియేటర్ సంగతి చూడాలి.

నెక్‌లో గుడ్డ కుక్కి, అంటుకున్న రబ్బరునూ తెల్లటి పొరనూ సన్నటి ఎమరీ పేపర్‌తో చుట్టూ తిరిగేలా రుద్దండి. నిలువుగా గీతలు పడితే అవే లీకుకు దారులవుతాయి. అల్యూమినియం నెక్ మీద గుంటలు లోతుగా ఉంటే ఆ భాగం మార్చడమే మేలు, సిలికాన్ సీలెంట్ పూసి సర్దుకోవడం నాకు నచ్చదు, మిగిలిన ముక్కలు ఊడి రేడియేటర్ సందుల్లో ఇరుక్కుంటాయి. గుడ్డ తీయడం మర్చిపోకండి.

పైపు ఎక్కించే ముందే క్లిప్పులు దాని మీదికి తొడగండి, స్క్రూ తల మళ్లీ స్క్రూడ్రైవర్ అందే వైపు ఉండాలి. గ్రీజు, ఆయిల్ రాయొద్దు, నాలుగు చుక్కల కూలెంటో సబ్బు నీళ్లో చాలు. అచ్చు పైపుల మీద చాలాసార్లు రంగు గీతో గుర్తో ఉంటుంది, అది నెక్ మీది గుర్తుకు ఎదురుగా రావాలి. పైపును ఆఖరి దాకా తోసి, క్లిప్పును నెక్ మీది ఉబ్బెత్తు అంచుకు వెనక, పైపు చివరి నుంచి ఓ 4 మిల్లీమీటర్ల దూరంలో పెట్టండి. అంచు మీదే బిగిస్తే కొన్నాళ్లకు జారిపోతుంది. చేతి స్క్రూడ్రైవర్‌తోనే బిగించండి. రబ్బరు క్లిప్పు పక్కన కాస్త ఉబ్బితే సరిపోయినట్టు, గాడుల్లోంచి పైకి తన్నుకొస్తుంటే ఎక్కువైనట్టు. చివరిగా, పైపుకీ ఫ్యాన్, బెల్ట్, ఎగ్జాస్ట్‌లకీ మధ్య కనీసం రెండున్నర సెంటీమీటర్ల సందు ఉండాలి, ఇంజిన్ ఒరిగినా లాగినట్టు కాకుండా కాస్త వదులూ ఉండాలి.

గాలి తీయడం

చాలామంది పని ఇక్కడే చెడుతుంది. బండి ముందు భాగం ఎత్తులో ఉండేలా వాలు మీద నిలబెట్టండి, రేడియేటర్ మూత మొత్తం సిస్టమ్‌లో ఎత్తైన చోటు కావాలి. హీటర్ పూర్తి వేడిలో పెట్టండి, వెనక హీటర్ ఉంటే అదీ. బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే స్క్రూ) ఉంటే విప్పి, నెమ్మదిగా సన్నటి ధారగా పోస్తూ, బుడగలు ఆగి ద్రవం ఒక్కటే వచ్చాక బిగించండి. మధ్యమధ్యలో పై పైపును చేత్తో పిసుకుతుంటే గుటగుటమని గాలి బయటికొస్తుంది.

తర్వాత బ్యాటరీ కలిపి, మూత తీసే ఉంచి స్టార్ట్ చేయండి. వదులు బట్టలు, చేతులు ఫ్యాన్‌కు దూరం. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అది తెరుచుకోగానే మట్టం ఒక్కసారి పడిపోతుంది, పై పైపు వేడెక్కుతుంది, అప్పుడు మళ్లీ నింపండి. బుడగలు ఆగాక, ద్రవం పొంగడం మొదలవకముందే మూత పెట్టేయండి. రేడియేటర్ మీద మూతే లేకుండా పక్కనుండే కూలెంట్ సీసా మీద మాత్రమే మూత ఉన్న బండ్లకు మాన్యువల్‌లో చెప్పిన వరస పాటించండి, కొన్నిటికి వ్యాక్యూమ్‌తో నింపే పరికరం కావాలి.

ఎంత పోశారో, ఇందాక రాసుకున్న అంకెతో పోల్చండి. ముందే రోడ్డు మీద కారిపోయింది ఎంత ఉంటుందో దానికి కలిపి లెక్క వేయండి. బాగా తక్కువ పట్టిందంటే లోపల ఇంకా గాలి ఉంది. డ్యాష్‌బోర్డ్ వెనక నీళ్లు పారుతున్న శబ్దం, హీటర్ ఒకసారి వేడిగా ఒకసారి చల్లగా రావడం, గేజ్ ముల్లు ఎక్కి దిగడం, ఇవన్నీ కూడా అదే చెబుతాయి. దగ్గర్లోనే కాస్త తిప్పి, పూర్తిగా చల్లారాక మట్టం చూసి నింపండి. ఇంజిన్ ఒకటి రెండు సార్లు వేడెక్కి చల్లారాక చల్లటి ఇంజిన్ మీద స్క్రూ క్లిప్పులు మళ్లీ ఒకసారి బిగించి చూడండి, రబ్బరు కాస్త సర్దుకుంటుంది.

దారిలో ఉండగా అయితే

దూర ప్రయాణానికి సాగే సిలికాన్ టేపు, రెండు సైజుల క్లిప్పులు, హీటర్ పైపు ముక్క, రెండు వైపులా అంచున్న లోహపు జాయింట్ గొట్టం, తగినన్ని నీళ్లు బండిలో ఉంచుకోండి. పగులు చివర్లో ఉంటే ఆ చివర కోసేసి మళ్లీ తొడగొచ్చు, పొడవు సరిపోతేనే. హీటర్ పైపు పగిలితే హీటర్‌ను పక్కన పెట్టి, ఇంజిన్ నుంచి వెళ్లే పైపునూ తిరిగొచ్చే పైపునూ జాయింట్ గొట్టంతో కలిపేయండి. మధ్యలో పగిలిన పెద్ద పైపుకు తడి లేకుండా తుడిచి, టేపును బాగా సాగదీస్తూ, పగులుకు రెండు పక్కలా ఐదేసి సెంటీమీటర్లు దాటేలా, సగం మీద సగం వచ్చేలా చుట్టండి. మూతను మొదటి మెట్టు దగ్గరే వదిలేస్తే ఒత్తిడి పెరగదు, కట్టు నిలుస్తుంది. కాకపోతే అప్పుడు కూలెంట్ త్వరగా మరుగుతుంది కాబట్టి నెమ్మదిగా నడుపుతూ, తరచూ ఆగి చల్లార్చి మట్టం చూస్తూ వెళ్లాలి. ఇలా మామూలు నీళ్లతో ఇల్లు చేరితే ఆ నీళ్లను లోపల ఉంచేయకండి, మొత్తం తీసేసి, కొత్త పైపులు వేసి, సరైన కూలెంట్ నింపండి.